చుక్క పడేదొకచోట... పుట్టేదొకచోట!

వేలకు వేలు పోసి ఇంజన్ పని చేయించారు. బండి కొత్తదానిలా పరుగెడుతోంది. వారం తిరక్కముందే వాకిట్లో ముగ్గు పక్కన నల్లటి మరక! వంగి చూస్తే... ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట నిగనిగలాడుతూ ఓ చుక్క. 'వెనక ఆయిల్ సీలు పోయింది. గేర్‌బాక్సు దించాల్సిందే' అన్న మాట ఆ వెంటనే వినిపిస్తుంది. అది నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. అందుకే... దించేముందు ఒక్కసారి పైకి చూడమంటారు అనుభవమున్న మేస్త్రీలు.

ఇంజన్ పని అంటే మామూలు ఖర్చు కాదు. బోరింగు, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, క్రాంకు గ్రైండింగు, హెడ్డు పని... అన్నీ అయ్యి బండి ఇంటికొచ్చేసరికి నెల జీతం ఎటుపోయిందో తెలియదు. అంతా అయ్యాక కూడా ఆయిలు కారితే యజమానికి కడుపు మండటం సహజం. 'ఇంత డబ్బు తీసుకుని ఇదా మీరు చేసిన పని?' అని ఆయన, 'సీలు కొత్తదే వేశాను సార్, కావాలంటే పాతది చూపిస్తా' అని మేస్త్రీ... అప్పటిదాకా ఉన్న నమ్మకం కాస్తా చుక్కచుక్కగా కారిపోతుంది.

చిత్రమేంటంటే చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే! ఆయిలు కారుతున్నదీ నిజమే, సీలు బాగున్నదీ నిజమే. కారుతున్నది మరో చోటి నుంచి. అది తేల్చకుండా గేర్‌బాక్సు దించి, మంచి సీలు తీసి మరో మంచి సీలు వేస్తే... కూలీ దండగ, రెండు రోజులు దండగ. బండి బయటికొచ్చాక చుక్క మాత్రం మళ్లీ అక్కడే!

వెనక అంటే ఎక్కడ?
ఇంజన్ వెనకభాగం అంటే కారు వెనకవైపు అనుకోనక్కర్లేదు. క్రాంకుషాఫ్టుకు ఫ్లైవీలు బిగించే వైపు, అంటే గేర్‌బాక్సు తగిలించే వైపును ఇంజన్‌కు వెనక అంటారు. అంబాసిడర్‌లో ఇంజన్ నిలువుగా కూర్చుంటుంది కాబట్టి అది డ్రైవరు కాళ్ల దగ్గరికి వస్తుంది. మారుతి 800లో ఇంజన్‌ను అడ్డంగా అమర్చారు కాబట్టి 'వెనక' కాస్తా పక్కకు వెళుతుంది.

క్రాంకుషాఫ్టు అక్కడ ఇంజన్లోంచి బయటికి రావాలి. లోపలి ఆయిలు మాత్రం రాకూడదు. ఆ కాపలా పని చేసేదే వెనక ఆయిల్ సీలు. ఎక్కువ ఇంజన్లలో ఇది గుండ్రటి ఇనుప చట్రానికి అతికించిన రబ్బరు పెదవి. నిమిషానికి వేలసార్లు తిరిగే షాఫ్టును సన్నగా ఒరుసుకుంటూ కూర్చుంటుంది. ఫ్లైవీలు వెనక దాక్కుని ఉండటంతో గేర్‌బాక్సు, క్లచ్చు, ఫ్లైవీలు వరసగా విప్పితే తప్ప కంటికి కనబడదు. కనబడనివాడి మీదే కదా నేరం మోపడం తేలిక!

నిజానికి ఆయిలుకు రెండు గుణాలున్నాయి. ఒకటి, పైనుంచి కిందికి జారడం. రెండు, బండి వేగానికి వీచే గాలితో వెనక్కి పాకడం. అందుకే ఇంజన్ పైభాగంలో ఎక్కడ కారినా ఆ తడి బ్లాకు వెంట జారి, వెనక్కి పాకి, చివరికి గేర్‌బాక్సు అతుకు దగ్గరే చుక్కగా తయారవుతుంది. చుక్క పడేచోటు చిరునామా కాదు, ఆఖరి మజిలీ మాత్రమే.

ముందు జాతి తేల్చాలి
మొట్టమొదట తేల్చాల్సింది అది అసలు ఇంజన్ ఆయిలేనా అన్నది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే డొల్లను బెల్ హౌసింగ్ అంటారు. ఇందులోకి రెండువైపుల నుంచీ నూనె రావచ్చు. ఇంజన్ సీలు పోతే ఇటునుంచి, గేర్‌బాక్సు ముందు షాఫ్టు సీలు పోతే అటునుంచి. రెండూ అడుగున ఉండే చిన్న రంధ్రంలోంచే కారతాయి.

వాటిని పట్టివ్వడానికి ఓ తెల్లకాగితం, ముక్కు చాలు. రాత్రి బండి కింద తెల్లటి అట్టముక్క పరిచి పొద్దున్నే చూడాలి. ఇంజన్ ఆయిలు కొత్తదైతే తేనెరంగులో, వాడిందైతే నల్లగా మాడువాసనతో ఉంటుంది. గేరు ఆయిలు చిక్కగా ఉండి గంధకం ఘాటు కొడుతుంది. బ్రేకు ఫ్లూయిడ్ నీళ్లలా పల్చగా ఉండి పెయింటును తినేస్తుంది. చేతికి తగిలితే వెంటనే కడుక్కోవాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె చాలావరకు ఎర్రగా ఉంటుంది. పచ్చగానో ఎర్రగానో ఉండి జిడ్డు తక్కువగా ఉంటే అది రేడియేటరు కూలెంటు. గేరు ఆయిలు కారుతుంటే ఇంజన్ సీలు మార్చి ఏం లాభం?

కడిగితేనే దొంగ దొరికేది
జిడ్డు పట్టిన ఇంజన్ మీద లీకు వెతకడం బురదలో అడుగుజాడలు వెతకడంలాంటిది. డీగ్రీజరుతో ఇంజన్‌నూ, బెల్ హౌసింగ్ బయటిభాగాన్నీ శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. డిస్ట్రిబ్యూటరు, ఆల్టర్నేటరు, వైర్ల మీద నీళ్లు పడకుండా కవరు కప్పాలి. పూర్తిగా ఆరాక అనుమానం ఉన్న అతుకుల మీద మొహానికి రాసుకునే టాల్కం పౌడరు పల్చగా చల్లాలి. ఇంజన్ ఆపి, చల్లారాకే ఈ పని చేయాలి.

తర్వాత బండిని పదీ ఇరవై కిలోమీటర్లు నడిపి, ఆపి, టార్చిలైటు, చిన్న అద్దం పట్టుకుని చూడాలి. కింద నుంచి కాదు, పైనుంచి. తెల్లటి పౌడరు మీద తడి గీత ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది అసలు కంత. తడిసిన ప్రాంతంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న చోటును పట్టుకోవడమే ఈ విద్యలోని కిటుకంతా.

అప్పటికీ తేలకపోతే మరో మార్గం ఉంది. అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగును ఇంజన్ ఆయిల్లో కలిపి, బండి నడిపాక ఆ లైటు వేసి చూస్తారు. ఆయిలు బయటికొచ్చిన దారంతా పసుపుపచ్చగా వెలిగిపోతుంది.

బండి కిందికి దూరేటప్పుడు ఒక్క జాగ్రత్త మరవకూడదు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద తల పెట్టడమంత ప్రమాదం మరొకటి లేదు. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాకే కిందికి వెళ్లాలి. అలవాటు లేనివాళ్లు ర్యాంపు ఉన్న షెడ్డులో చూపించుకోవడం ఉత్తమం.

అనుమానితులు వీరే
పైనుంచి కిందికి వస్తుంటే ముందుగా తగిలేది ట్యాపెట్ కవరు. నిలువుగా కూర్చునే ఇంజన్లు చాలావరకు కాస్త వెనక్కి వాలి ఉంటాయి. దాంతో కవరు వెనక మూలలో ఆయిలు నిలుస్తుంది. ప్యాకింగు ముడత పడినా, బోల్టు అతిగా బిగించి కవరు వంగినా కారేది ఆ మూల నుంచే. అక్కడ కారింది తిన్నగా బెల్ హౌసింగ్ మీదికే దిగుతుంది. దీనికి కావలసింది కొత్త ప్యాకింగు, ఓ అరగంట సమయం. గేర్‌బాక్సు జోలికే వెళ్లక్కర్లేదు!

తర్వాత ఆయిల్ ప్రెషర్ స్విచ్. దాని వైరు ఊడదీసి చూస్తే లోపల తడి ఉందో లేదో తెలిసిపోతుంది. డిస్ట్రిబ్యూటరు కింద ఉండే రబ్బరు రింగు మరో అనుమానితుడు. ఏళ్లతరబడి వేడికి గట్టిపడి గాజులా తయారవుతుంది. ఇంజన్ మొత్తం విప్పి బిగించినప్పుడు కూడా ఈ చిన్న రింగును మార్చడం మరిచిపోతుంటారు.

ఇక పని చేయించిన ఇంజన్లలో ప్రత్యేకంగా చూడాల్సినవి ప్లగ్గులు. బ్లాకు లోపల ఆయిలు ప్రవహించే సన్నటి కాలవలుంటాయి. ఇంజన్ విప్పినప్పుడు వాటి చివరలకున్న మూతలు తీసి లోపలి మడ్డిని శుభ్రం చేస్తారు. చేయాలి కూడా. అయితే తిరిగి బిగించేటప్పుడు ఒక్కటి సరిగా కూర్చోకపోయినా గొడవే. చాలా ఇంజన్లలో ఈ మూతలు కొన్ని ఫ్లైవీలు వెనకే ఉంటాయి. క్యాంషాఫ్టు చివర కొట్టే నాణెంలాంటి ఇనుప మూత సంగతీ అంతే.

వీటిని గుర్తుపట్టడానికి ఓ ఉపాయముంది. కాలవల్లోని ఆయిలు ఒత్తిడితో ఉంటుంది. కాబట్టి ఆ మూత లీకైతే ఇంజన్ స్టార్టు చేసిన కాసేపటికే బొటబొటా కారుతుంది. సీలు దగ్గర అంత ఒత్తిడి ఉండదు. అది సాధారణంగా ఇంజన్ నడుస్తున్నంతసేపూ నెమ్మదిగా చెమర్చి, ఆపాక కాసేపు చుక్కలు రాల్చి ఊరుకుంటుంది. రాత్రంతా ఆగకుండా కారుతుంటే మాత్రం చూపు కింది చాంబరు మీదికి పోవాలి. బండి ఆపాక ఆయిలంతా చేరేది అందులోకే కదా! చాంబరు వెనక అంచున, చివరి బేరింగు క్యాపు బ్లాకును కలిసే రెండు మూలలూ బలహీనమైనవి. అక్కడ కాస్త గ్యాస్కెట్ పేస్టు పెట్టకుండా బిగిస్తే ఎంత మంచి ప్యాకింగు వేసినా సన్నటి సందు మిగిలిపోతుంది.

ఊపిరాడకపోతే...
సీలూ బాగుంది, ప్యాకింగులూ బాగున్నాయి. అయినా కారుతోంది. అప్పుడు చూడాల్సింది ఇంజన్ ఊపిరి.

సిలిండర్లో మండిన వాయువు ఎంతో కొంత రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. అది బయటికి పోయేందుకు బ్రీదరు పైపు ఉంటుంది. కొన్ని ఇంజన్లలో ఆ దారిలో ఓ వాల్వు కూడా ఉంటుంది. పైపు మడ్డితో పూడుకుపోయినా, బిగించేటప్పుడు నలిగినా, వాల్వు ఇరుక్కుపోయినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఎటూ దారిలేని గాలి ఆయిలును వెంటబెట్టుకుని బలహీనమైన సీలునో ప్యాకింగునో తోసుకుని బయటికొస్తుంది. ప్రెషర్ కుక్కర్ వెయిటు మూసుకుపోతే పక్కనుంచి ఆవిరి తన్నుకొచ్చినట్టన్నమాట.

కొత్తగా పని చేయించిన ఇంజన్లలో దీనికి మరో కారణమూ ఉంది. కొత్త రింగులు సిలిండరు గోడకు ఒదిగిపోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా వాయువు కాస్త ఎక్కువే దిగుతుంది. అందుకే మొదట్లో కనిపించే చిన్న చెమ్మను చూసి కంగారుపడి ఇంజన్ దించేయకుండా, బ్రీదరు శుభ్రం చేసి కొన్నాళ్లు గమనించడం మేలు. ఆయిలు అతిగా పోయడం కూడా తప్పే. 'ఎక్కువుంటే మంచిదేగా' అనుకుని గీత దాటి పోస్తే తిరిగే క్రాంకు దాన్ని చిలికి వెదజల్లుతుంది.

ఇంజన్ ఆగి ఉండగా తెరుచుకున్న దారులన్నీ మూసి, ఆయిలు గేజి గొట్టంలోంచి సన్నగా గాలి పంపి, అతుకుల మీద సబ్బునీళ్లు రాసి బుడగలు చూసే పద్ధతీ ఉంది. అయితే అది నోటితో ఊదినంత గాలే అయ్యుండాలి. టైర్లకు కొట్టినట్టు కొడితే ఉన్న మంచి సీళ్లు కూడా ఊడొస్తాయి.

సీలే దోషి అయితే
పైన అంతా పొడిగా ఉంది. బ్రీదరు బాగుంది. బెల్ హౌసింగ్ రంధ్రంలోంచి మాత్రం ఇంజన్ ఆయిలే కారుతోంది. అప్పుడిక గేర్‌బాక్సు దించక తప్పదు. దించాక కూడా తొందర పనికిరాదు. తడిని తుడిచేయకముందే చూడాలి, వీలైతే ఫొటో తీసుకోవాలి. ఫ్లైవీలుకు ఇంజన్ వైపు ముఖం తడిసి, ఆయిలు చుట్టూ చిమ్మి ఉంటే అనుమానం సీలు మీదికి వెళుతుంది. అటు పొడిగా ఉండి క్లచ్చు వైపు మాత్రమే తడిసుంటే గేర్‌బాక్సు సీలునో, ఫ్లైవీలు బోల్టులనో పట్టుకోవాలి. కొన్ని ఇంజన్లలో ఈ బోల్టుల రంధ్రాలు లోపలిదాకా వెళతాయి. మరలకు సీలెంటు రాయకుండా బిగిస్తే ఆయిలు మరల వెంబడే పాక్కుంటూ వచ్చేస్తుంది.

కొత్త సీలు ఎందుకు కారుతుందన్నదీ చూడాలి. పాత సీలు ఏళ్లతరబడి ఒకేచోట ఒరుసుకోవడంతో క్రాంకు మీద గాడి పడుతుంది. గోరుతో రాస్తే తగులుతుంది. ఆ గాడిలో కొత్త సీలు కూర్చుంటే కొత్తదన్న పేరే తప్ప ప్రయోజనముండదు. వీలుంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి నున్నటి చోట కూర్చోబెడతారు. లేదంటే ఆ షాఫ్టుకు సరిపోయే పల్చటి స్టీలు తొడుగు వేస్తారు.

బిగించేటప్పుడు సీలు వంకరగా దిగినా, పెదవి మడతపడినా, తిరగేసి కొట్టినా ఫలితం ఒక్కటే. రబ్బరు సీలుకు పెదవి మీద ఆయిలు రాసి ఎక్కించాలి. కొత్తతరం టెఫ్లాన్ సీళ్లు చాలావాటిని పొడిగానే ఎక్కించాలి. వాటికి అలవాటుకొద్దీ ఆయిలు పూస్తే అదే లీకుకు కారణమవుతుంది. అందుకే డబ్బా మీది సూచన చదవడం చిన్నతనమేమీ కాదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా కారుతుంటే చివరి బేరింగు వదులై క్రాంకు ఊగుతోందేమో డయల్ గేజితో చూడాలి. ఊగే షాఫ్టును ఏ సీలూ ఆపలేదు.

అంబాసిడర్ సంగతే వేరు
అంబాసిడర్ యజమానులకు మాత్రం ఓ ప్రత్యేక గమనిక. బెంగాల్లోని ఉత్తర్‌పారాలో 2014లో తయారీ ఆగిపోయినా, దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కారులో దశాబ్దాలపాటు వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బ్రిటన్‌కు చెందిన బీఎంసీ సంస్థ 'బి సిరీస్' కుటుంబానిది. మూడు మెయిన్ బేరింగుల ఆ ఇంజన్లో వెనకవైపు రబ్బరు సీలే ఉండదు! దానికి బదులు క్రాంకు మీద మరలాంటి గాడి కోసి ఉంటుంది. క్రాంకు తిరుగుతుంటే ఆ మర ఆయిలును లోపలికి తోస్తుంటుంది. తిరగడం ఆగితే తోయడమూ ఆగుతుంది. కాబట్టి ఆపాక ఒకటి రెండు చుక్కలు రాలడం దాని పుట్టుకతో వచ్చిన గుణం. 'ఆయిలు కారడం లేదంటే లోపల ఆయిలు లేదన్నమాట' అని పాత బ్రిటిష్ ఇంజన్ల మీద జోకు పుట్టింది ఇందుకే.

ఆ మరకూ దాని చుట్టూ ఉండే ఇనుముకూ మధ్య సందు చాలా తక్కువ. బేరింగులు అరిగినా, పని చేసేటప్పుడు క్రాంకు నడిమధ్యన కూర్చోకపోయినా ఆ సందు చెడుతుంది, చుక్క ధారవుతుంది. ఈ ఇంజన్‌కు పక్కన, మానిఫోల్డు చాటున రెండు ట్యాపెట్ కవర్లుంటాయి. వెనక కవరు ప్యాకింగు కారితే ఆ తడి సరిగ్గా బెల్ హౌసింగ్ దగ్గరికే చేరుతుంది. లేని సీలును తిట్టుకునే ముందు ఈ కవరును చూడటం న్యాయం.

ఎన్ని చుక్కలైతే ప్రమాదం?
ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుందాం. పది సెకన్లకో చుక్క పడితే గంటకు 18 మిల్లీలీటర్లు. అదే సెకనుకో చుక్కైతే గంటకు 180. పదిగంటల ప్రయాణంలో దాదాపు లీటరూ ముప్పావు! చిన్న కార్లలో మొత్తం పట్టేదే మూడు నాలుగు లీటర్లు. మధ్యలో గేజి చూడకపోతే, డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగేసరికి కొత్త బేరింగులకు ముప్పు వచ్చేసినట్టే. ఆ లైటు వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి.

చుక్కలు తక్కువైనా రెండు సందర్భాల్లో అశ్రద్ధ తగదు. ఆయిలు క్లచ్చు ప్లేటుకు పట్టి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తున్నా బండి కదలకపోతే ఒకటి. వేడి సైలెన్సరు పైపు మీద పడి పొగ, మాడువాసన వస్తుంటే రెండోది. ఇది మంటలకు దారితీయొచ్చు. ఈ రెండింటిలో ఏది కనిపించినా ప్రయాణం మానుకుని షెడ్డుకు తీసుకెళ్లాల్సిందే. అవేవీ లేకుండా, గేజి మీద మట్టం వారాల తరబడి కదలకుండా ఉంటే ఆ చెమ్మతో కాపురం చేసినా నష్టంలేదు. వారానికోసారి గేజి తీసి చూస్తే చాలు. మారిస్తే వచ్చిన పాత ఆయిలును మాత్రం మురుగుకాల్వలో పోయకుండా సేకరించేవాళ్లకు ఇవ్వాలి.

షెడ్డుకు వెళ్లేటప్పుడు 'సీలు మార్చండి' అని మందు మనమే చెప్పేకన్నా, 'ఆయిలు ఎక్కడినుంచి వస్తోందో ముందు చూపించండి మేస్త్రీ' అని అడగడం మంచిది. చుక్క ఎప్పుడు పడుతోంది... నడుస్తుంటేనా, ఆపాకా, రాత్రంతానా? ఎన్ని కిలోమీటర్లకు ఎంత తగ్గింది? ఇవి కాగితం మీద రాసుకెళ్తే సగం పని అయిపోయినట్టే. మంచి మేస్త్రీ ఆ ప్రశ్నలకు విసుక్కోడు, సంతోషిస్తాడు. గేర్‌బాక్సు దించక తప్పదని తేలితే అప్పుడే క్లచ్చు ప్లేటు, గేర్‌బాక్సు ముందు సీలు, వెనక ప్లగ్గులు కూడా చూసుకుంటే మళ్లీ మళ్లీ దించే పని తప్పుతుంది. దించనక్కర్లేదని తేలిందా... మిగిలిన డబ్బుతో పెట్రోలు కొట్టించుకుని ఊరెళ్లి రావచ్చు!